అప్పున్న మనిషిని చర్చికి పిలవొచ్చా? ఒక టైలరక్క సాక్ష్యం

ఈ కేసు చీరాలలో ఒక అద్దె ఇళ్ల వరసలో జరిగింది. మా సంఘంలో జాకెట్లు కుట్టే ఒక సోదరి, ఆమె పక్క వాటాలో ఉండే కుటుంబం, సంఘ కాపరిగా, అంటే పాస్టరుగా నేను. ముఖ్యంగా ఇందులో ఉన్నది ఇంతమందిమే. పేర్లు రాయడం లేదు. రెండిళ్ల వాళ్ల అనుమతీ తీసుకున్నాను, గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాను. కుట్టే సోదరిని మా సంఘంలో అందరూ టైలరక్క అంటారు కాబట్టి ఇక్కడా అలాగే రాస్తాను. పక్కింటామెను టైలరక్క పిలిచినట్టే వదిన అంటాను.

సాక్ష్యమంటే మన విశ్వాసం సంగతి ఇతరులకు చెప్పడం. దాని గురించి చర్చి శిక్షణ తరగతుల్లో నేర్పేది ఎక్కువగా ఎలా మొదలుపెట్టాలన్నదే. బస్సులో పక్క సీటాయనతో మాట ఎలా కలపాలి, కరపత్రం ఎప్పుడు చేతిలో పెట్టాలి, దేవుడు మనకు చేసిన మేలును నాలుగు ముక్కల్లో ఎలా చెప్పాలి. నేనూ ఇవన్నీ నేర్పాను, ఇంకా నేర్పుతాను. ఎక్కడ ఆగాలన్నది మాత్రం ఎవరూ పెద్దగా నేర్పరు. ఈ కేసు రాయాలనిపించింది అందుకే. ఎదుటి మనిషి వద్దు అనగలిగే స్థితిలో లేనప్పుడు టైలరక్క విశ్వాసం సంగతి ఎత్తదు. మొదటి నుంచి చివరి దాకా కథను నడిపింది ఆ ఒక్క పట్టుదలే. ఆమె దాన్ని ఎప్పుడూ నియమం అనలేదు, ఆ పేరు పెట్టింది నేను.

స్టూలు మీద కూర్చున్నవాళ్లు

టైలరక్క కొట్టంటే వీధి వైపున్న ముందు గదే. గుమ్మం పక్కన మోటారు మిషను, గోడకు దారపు రీళ్లు, మా సంఘం కొత్త సంవత్సరానికి పంచే వాక్యాల క్యాలెండరు, మిషను పక్కన ఒక ప్లాస్టిక్ స్టూలు. కొలత జాకెట్టు ఇవ్వడానికొచ్చిన ఆడవాళ్లు దాని మీద కూర్చుంటారు, ఇచ్చాక కూడా లేవరు. చీరాల నేత ఊరు కాబట్టి మగ్గాల ఇళ్ల వాళ్లు వస్తారు, స్కూలు టీచర్లు వస్తారు, మా సంఘం వాళ్లూ వస్తారు. శ్రావణ మాసంలో వరలక్ష్మీ వ్రతం జాకెట్లతో ఆ గదిలో కాలు పెట్టే చోటుండదు.

ఎవరైనా ఏం సలహా ఇస్తారు? స్టూలు మీద మనిషి ఉంది, పావుగంట టైముంది, సువార్త చెప్పమంటారు. టైలరక్క చెప్పదు. ఎందుకని అడిగితే ఆమె అన్నది ఇది: "వాళ్ల జాకెట్టు నా చేతిలో ఉందయ్యగారూ. శుక్రవారానికి కావాలి. ఇప్పుడు నేనేం చెప్పినా ఊ కొడతారు."

అలాగని ఆమె నోరు మూసుకుని కూర్చోదు. ఆదివారం మిషను తీయదు, శ్రావణంలో డబుల్ రేటు ఇస్తామన్నా తీయదు. శనివారం అర్ధరాత్రి దాకా కుడుతుంది కానీ తెల్లారితే బైబిలు సంచి భుజానికి తగిలించుకుని చర్చికి వస్తుంది. "ఒక్క ఆదివారం కుడితే మీ దేవుడేమైనా అంటాడా?" అని అడిగేవాళ్లుంటారు. "అనడమ్మా. వారమంతా ఆ రోజు కోసమే చూస్తుంటాను" అంటుంది. కొందరు నవ్వి ఊరుకుంటారు. ఒకరిద్దరు జాకెట్టు తీసుకెళ్లాక వేరే రోజు, ఏ పనీ లేకుండా వచ్చి, ఆదివారం అక్కడ ఏముంటుందని అడుగుతారు. వాళ్లకు తీరిగ్గా చెబుతుంది. మన నిరీక్షణ, అంటే మనకున్న ఆశ గురించి అడిగినవాళ్లకు జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండమనీ, ఆ చెప్పడం సాత్వికంగా ఉండాలనీ పేతురు తన మొదటి పత్రిక 3వ అధ్యాయంలో రాశాడు. ఆ వరసలో అడగడం ముందు వస్తుంది.

మిగిలిన గుడ్డ ముక్కను మడిచి జాకెట్టుతో పాటు కవర్లో పెట్టి ఇచ్చేస్తుంది. చెప్పిన రోజుకు ఇస్తుంది. చెప్పిన రోజుకు జాకెట్టిచ్చే టైలరు ఏ ఊళ్లో ఉన్నా సగం సాక్ష్యం అక్కడే అయిపోయినట్టు లెక్క.

ప్రసాదం పళ్లెం

వదిన వాళ్లు పక్క వాటాలోకి దిగిన ఏడాదే వినాయక చవితికి చిక్కొచ్చింది. వదిన అత్తగారు ఉండ్రాళ్లు, పులిహోర పళ్లెంలో పెట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. క్రైస్తవ ఇళ్లలో ఇది ఎప్పుడూ ఉండే ఇబ్బందే. కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో పౌలు దీని మీదే అధ్యాయాలు రాశాడు, మా సంఘంలో ఇప్పటికీ ఒక్క మాట మీద లేరు. కొందరు ప్రార్థన చేసుకుని తింటారు. కొందరు తీసుకుని ఇంకొకరికి ఇచ్చేస్తారు. తలుపు చాటుకు పోయేవాళ్లనూ చూశాను.

టైలరక్క లేచి నిలబడి చెప్పింది: "పెద్దమ్మా, పూజలో పెట్టింది నేను తిననండి. తీసుకుని అవతల పారేస్తే మిమ్మల్ని మోసం చేసినట్టు. అందుకే మొహం మీదే చెబుతున్నా, ఏమీ అనుకోవద్దు."

పెద్దమ్మ అనుకుంది. పళ్లెం వెనక్కి తీసుకెళ్లింది, కొన్నాళ్లు పలకరింపు తగ్గింది. దసరాకు మళ్లీ వచ్చింది, ఈసారి చేతిలో స్టీలు గిన్నె. "ఇది దేవుడి ముందు పెట్టింది కాదు. నైవేద్యానికి తీయగా మిగిలిన అండాలోది. తింటావా, తినవా?" టైలరక్క అక్కడే నిలబడి తినేసింది. ఆ క్రిస్మస్‌కు టైలరక్క అరిసెలు పట్టుకెళితే పెద్దమ్మ, "మీ దేవుడికి పెట్టారా వీటిని?" అని అడిగిందట. "మేం ఏవీ పెట్టం పెద్దమ్మా, నేరుగా మన నోట్లోకే" అంటే నవ్విందట.

ఈ చిన్న సంగతిని ఇంత సాగదీసి రాయడానికి కారణముంది. ఈమె మనసులో ఒకటి, పైకి ఒకటి ఉండే మనిషి కాదని పెద్దమ్మకు అప్పుడే తెలిసింది. తర్వాత గొడవ వచ్చినప్పుడు పనికొచ్చింది అదొక్కటే.

ఆసుపత్రి

2023 వానాకాలంలో వదిన కూతురికి డెంగ్యూ వచ్చింది. హైస్కూల్లో చేరిన మొదటి ఏడు. ప్రభుత్వాసుపత్రిలో చేర్చారు, ప్లేట్‌లెట్లు రోజురోజుకూ పడిపోతున్నాయి. వదిన భర్త ఆటో నడుపుతాడు. పగలు బండి తీయకపోతే మందులకు డబ్బుండదు, తీస్తే పాప దగ్గర మనిషి ఉండదు. రాత్రిళ్లు టైలరక్క, వదిన వంతులేసుకున్నారు. క్యారియరు పట్టుకెళ్లడం, రక్తపరీక్ష చీటీలు తీసుకుని ల్యాబుకు పరుగెత్తడం, అన్నీ చేసింది.

వార్డు మెట్ల మీద వదినే అడిగింది: "నువ్వు రోజూ పొద్దున్నే ప్రార్థన చేసుకుంటావుగా, మా పాప పేరు కూడా చెప్పవా." టైలరక్క ఇంటికి వెళ్లి చేసుకుంది. మర్నాడు "చెప్పాను వదినా" అంది, అంతే. మంచం పక్కన నిలబడి గొంతెత్తి ప్రార్థించలేదు. ఆ వార్డులో ఇంకా మంచాలున్నాయి, వాటి మీదా పిల్లలున్నారు. నేను వచ్చి ప్రార్థన చేయనా అని ఫోన్లో అడిగాను, కాపరులకు అది అలవాటు. "వాళ్లు పిలిస్తే రండయ్యగారూ" అంది. వాళ్లు పిలవలేదు, నేను వెళ్లలేదు.

పాప కోలుకుంది. డెంగ్యూలో జ్వరం దిగే సమయంలో ప్లేట్‌లెట్లు పడిపోవడం, కనిపెట్టుకుని ఉండి సమయానికి సెలైన్ ఎక్కిస్తే కొన్ని రోజులకు మళ్లీ పెరగడం చాలామంది పిల్లల్లో జరిగేదే. దేవుడు విన్నాడని టైలరక్క నమ్ముతుంది, నేనూ నమ్ముతాను. ఆ నమ్మకాన్ని డాక్టరుకు పోటీగా నిలబెట్టడం మాత్రం ఇద్దరికీ ఇష్టం లేదు. డిశ్చార్జి రోజున వదిన భర్త సూటిగానే అడిగాడు: "ఏమ్మా, మా అమ్మాయిని బాగుచేసింది డాక్టరా, మీ దేవుడా?" "నేను ఇద్దరికీ థాంక్స్ చెప్పుకున్నానన్నయ్యా. మీరు ఎవరికి చెప్పుకుంటారో మీ ఇష్టం" అంది.

అప్పు

ఆసుపత్రి రోజుల్లో టైలరక్క చీటీ పాడిన డబ్బులోంచి ఎనిమిది వేలు ఇచ్చింది. పాప ఇంటికొచ్చిన కొన్నాళ్లకే వదిన, "ఆదివారం నన్నూ తీసుకెళ్లవా?" అని అడిగింది. సువార్తికులెవరైనా ఎదురుచూసే మాట అది. టైలరక్క మాట దాటేసింది. "వెళ్దాంలే వదినా, ముందు పాప కోలుకోనీ." నాతో అసలు కారణం చెప్పింది: "ఆమె నాకు బాకీ ఉందయ్యగారూ. రావాలనిపించి అడిగిందో, బాకీ ఉంది కదాని అడిగిందో ఆమెకే తెలీదు. తీరనివ్వండి."

ఇది సంఘ పెద్దల కూటంలో పెద్ద చర్చే అయింది. ఒక పెద్దాయనకు అసలు మింగుడుపడలేదు. ఆయన పుట్టింది దోర్నకల్ వైపు. అక్కడ బిషప్‌గా ఉన్న వి.ఎస్. అజరయ్య బాప్తిస్మం పొందేవాళ్ల చేత తమ తల మీద తమ చెయ్యి పెట్టించి, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అన్న పౌలు మాట చెప్పించేవారని మాకు గుర్తుచేశారు. నిజమే. 1912లో ఆంగ్లికన్ సభలో తొలి భారతీయ బిషప్ అయిన అజరయ్య, పల్లెల్లో కూలి చేసుకునే విశ్వాసే సువార్తికుడని నమ్మినవారు. "అలాంటి వారసత్వం ఉన్నవాళ్లం, ఒక ఆత్మ నడిచొచ్చి తలుపు తడితే అప్పు తీర్చి రమ్మంటామా?" అన్నారు పెద్దాయన.

నేను మా వైపు చరిత్రే చెప్పాను. ఒంగోలు బాప్టిస్టు మిషనులో పనిచేసిన అమెరికన్ మిషనరీ క్లౌ దొర సంగతి ఈ ప్రాంతంలో తెలియని క్రైస్తవ కుటుంబం తక్కువ. 1876–78 కరువులో ఆయన బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడు మైళ్ల పైచిలుకు కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని చూపించారు. ఆ కూలి జనం మధ్య బోధకులు తిరిగారు, వాక్యం చెప్పారు. బాప్తిస్మం ఇమ్మని జనం అడిగితే మాత్రం క్లౌ ఏడాదికి పైగా ఇవ్వలేదు. తన చేతి మీదుగా కూలి డబ్బు, తిండి అందుతున్నంత కాలం ఎవరెందుకు అడుగుతున్నారో తేలదని ఆయన భయం. కరువు సాయం ఆగిపోయాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. మనం ప్రసంగాల్లో ఎప్పుడూ ఆ సంఖ్యే చెబుతాం, దాని ముందున్న ఏడాది సంగతి వదిలేస్తాం. టైలరక్క చరిత్ర చదివి ఇలా చేయలేదు. క్లౌకు కాలువ గట్టున పట్టుకున్న భయమే ఆమెకు ఎనిమిది వేల దగ్గర పట్టుకుంది.

పెద్దాయన ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఒప్పుకోరు. ఆయన వైపూ న్యాయముంది: ఆ మధ్యలో వదిన మనసు మారిపోతే? మారితే మారనీ అన్నది నా సమాధానం. మారే అవకాశం ఉండాలనే కదా ఇదంతా.

సంక్రాంతి దాటాక వదిన చివరి వాయిదా నోట్లు స్టూలు మీద లెక్కపెట్టి, అక్కడే కూర్చుని, "ఇప్పుడైనా తీసుకెళ్తావా?" అంది.

మార్కు 5

చర్చి కంటే ముందు టైలరక్క ఆమెకు మార్కు సువార్త చిన్న పుస్తకం ఇచ్చింది. నాలుగు సువార్తల్లో చిన్నది, కథలా పోతుంది, పెద్ద చదువు లేనివాళ్లు కూడా నాలుగైదు విడతల్లో చదివేస్తారు. ఎలా చదవాలో చెప్పలేదు, మధ్యలో ఆగి వివరించలేదు.

వదిన 5వ అధ్యాయం దగ్గర ఆగింది. యాయీరు కూతురు, పన్నెండేళ్ల పిల్ల, చనిపోయిందనుకుంటే యేసు చెయ్యి పట్టుకుని లేపుతాడు. మేం ప్రసంగం చేస్తే లేపడం మీదే చేస్తాం. వదిన పట్టుకున్నది ఆ అధ్యాయం చిట్టచివరి మాట, పిల్లకు తినడానికి ఏమైనా పెట్టమని ఆయన చెప్పడం. "ఆసుపత్రి నుంచి వచ్చాక మా పాప అన్నం ముట్టేది కాదు, గుర్తుందా? గంజి పట్టుకుని వెనకాల తిరిగేదాన్ని. ఇంత గొప్పాయన అంత పని చేసి, పిల్లకు ఆకలేస్తుందని కూడా చూసుకున్నాడే" అంది. ఈ అధ్యాయం మీద నేను చాలాసార్లు మాట్లాడాను, ఆ మాట దగ్గర ఎప్పుడూ నిలబడలేదు.

ఆమె విశ్వాసం అక్కడ మొదలైందని నా అంచనా. ఆమె మాత్రం అలా అనదు, ఎప్పుడు మొదలైందో తెలియదంటుంది.

వాట్సాప్ స్టేటస్

తర్వాత కొన్ని ఆదివారాలు వదిన, పాప వచ్చి ఆడవాళ్ల వైపు చివరి వరసలో కూర్చున్నారు. వాళ్లను లేపి పరిచయం చేయొద్దని, సాక్ష్యం చెప్పమనొద్దని ముందే అనుకున్నాం. స్త్రీల సమాజం ప్రార్థనాంశాల చీటీలోనూ పేరు రాయలేదు. ఆ చీటీ ఊరంతా తిరుగుతుందని అందరికీ తెలుసు.

ఒక యువకుడు, మంచివాడే, ఉత్సాహం ఎక్కువ, ఆరాధనలో తల్లీకూతుళ్ల ఫొటో తీసి స్టేటస్ పెట్టాడు. ప్రభువు డెంగ్యూ నుంచి స్వస్థపరచిన కుటుంబం, హల్లెలూయ, కింద చేతులు జోడించిన బొమ్మలు. సాయంత్రానికి అది వదిన మరిది ఫోనుకు చేరింది. రాత్రికి ఇంట్లో గొడవ. అన్న పరువు తీసిందనీ, టైలరామె డబ్బిచ్చి కొనేసిందనీ మరిది కేకలు. వదిన భర్త అరవలేదు, ఇక చర్చికి వెళ్లొద్దన్నాడు. పాప ఫొటో కిందున్న మాటలు అతన్ని బాగా గుచ్చాయి: ఆ రాత్రులన్నీ ఆటో తోలి మందులు కొన్నది తను.

స్టేటస్ తీయించి, ఆ కుర్రవాణ్ణి వెంటబెట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. వదిన భర్త ఒకటే అడిగాడు: "నా కూతురి ఫొటో పెట్టడానికి నన్నడిగావా బాబూ?" కుర్రవాడు లేదన్నాడు, క్షమించమన్నాడు. కూర్చోమనలేదు, తిట్టనూ లేదు. గుమ్మంలోంచే వచ్చేశాం. మా చర్చిలో ఇప్పుడు ఆరాధన జరుగుతుండగా సభ్యుల్ని అయినా అడగకుండా ఫొటో తీయకూడదని, పిల్లల ఫొటోలకు తల్లిదండ్రులిద్దరూ ఒప్పుకోవాలని కట్టుబాటు పెట్టాం. కొందరికి ఇది నచ్చలేదు, ఛానెల్‌కు వీడియోలు తగ్గాయి. తగ్గితే తగ్గాయి.

టైలరక్కకు ఆ నెలలు కష్టంగా గడిచాయి. గోడ అవతల వదిన గొంతు వినిపిస్తూనే ఉంటుంది, మాట్లాడటానికి లేదు. కబురు పంపనా అని ఒకసారి నన్నడిగి, నేను ఏదో అనేలోపే "వద్దులెండి, అన్నయ్య వద్దన్నాక దొంగచాటుగా పంపితే ఇంక మా మాటకు విలువేముంది" అని తనే తేల్చుకుంది. పాప యూనిఫాం మాత్రం ఎప్పటిలాగే ఆమె దగ్గరికే కుట్టడానికి వచ్చింది, తండ్రే తెచ్చిచ్చాడు.

పెద్దమ్మ ప్రశ్న

శ్రావణ మాసంలో పెద్దమ్మ స్వయంగా వచ్చింది. కొలత జాకెట్టు, కొత్త గుడ్డ మిషను బల్ల మీద పెట్టి స్టూలు లాక్కుంది. చేతులు పొడుగు కావాలంది, వెనక మెడ ఎక్కువ దించొద్దంది. అదే గొంతుతో, "మా కోడలు మీలో కలిస్తే నేను పోయాక నా దినం ఎవరు చేస్తారు?" అంది.

ఇంట్లో అందరి కోపం వెనకా ఉన్న అసలు భయం అదే. మరిది పరువన్నాడు, భర్త ఫొటో అన్నాడు. పెద్దమ్మకు మాత్రం తను పోయాక పెద్దదినం రోజున తన పేరు మీద వండి పెట్టేవాళ్లుంటారా అని. ఏటా పోలేరమ్మకు పొంగళ్లు పెట్టేది ఆమే, ఆ తర్వాత ఎవరు పెడతారని.

దేవుడి రాజ్యం గురించి చెప్పడానికి ఇది సందని కొందరనుకోవచ్చు. టైలరక్క టేపు మెడలోంచి తీసి పక్కన పెట్టింది. "నాకు తెలీదు పెద్దమ్మా. ఇది నేను చెప్పే మాట కాదు. మీ అబ్బాయినీ కోడల్నీ ఎదురుగా కూర్చోబెట్టుకుని అడగండి. కావాలంటే మా అయ్యగారినీ పిలిపించుకుని అడగండి."

పిలిపించారు. ప్రసాదం పళ్లెం వెనక్కి పంపిన మనిషి చెప్పింది కాబట్టి పిలిపించానని పెద్దమ్మే నాతో అంది. మరిది రాలేదు.

దినం గురించి నాకున్నది ఉన్నట్టు చెప్పాను. కర్మ చేయాల్సింది కొడుకు, అతను చేస్తాడు. కోడలు బాప్తిస్మం తీసుకుంటే పూజలో కూర్చోదు. వంట చేస్తుంది, వచ్చినవాళ్లకు పెడుతుంది, అత్తగారి కోసం ఏడుస్తుంది. వీటిలో ఏదీ మా విశ్వాసం వద్దనదు. పోలేరమ్మ పొంగళ్లు ఆమె పెట్టదు, అది దాచిపెట్టి ఒప్పించడం నాకు చేతకాదు. పెద్దమ్మ కాసేపు ఆలోచించి, "సర్లే, నేనింకా పోలేదుగా" అంది. ఆ సంగతి అక్కడే ఉంది, తేలలేదు. నాకంటే గట్టిగా మాట్లాడే కాపరులు ఉన్నారు, దినం ఇంట్లో వంట కూడా చేయకూడదంటారు. నేను వాళ్లతో ఏకీభవించను.

బొట్టు సంగతి వదిన భర్త అడిగాడు. మా సంఘంలో చాలామంది పెట్టుకోరు, మానమని నేను చెప్పను, అది మీరిద్దరూ మాట్లాడుకోవాల్సింది అన్నాను.

సర్టిఫికెట్

అతని చివరి ప్రశ్న అన్నిటికంటే బరువైంది. వాళ్లు ఎస్సీ కుటుంబం. పాప చదువు, స్కాలర్‌షిప్పు, రేపు సీటు, అన్నీ ఆ సర్టిఫికెట్ మీద ఉన్నాయి. బాప్తిస్మం ఇచ్చేముందు దీని గురించి మాట్లాడని కాపరులను చూస్తే నాకు కోపమొస్తుంది. మనిషికి ఎంత ఖర్చవుతుందో చెప్పకుండా సంతకం పెట్టించుకోవడమే అది.

ఉన్నదున్నట్టు చెప్పాను. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు. క్రైస్తవులకు లేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్లు బీసీ-సి కిందికి వస్తారు, దానికి రిజర్వేషను 1 శాతం. ఇది అన్యాయమని నా అభిప్రాయం, మతం మారినంత మాత్రాన ఊళ్లో ఎవరూ కులం మర్చిపోరు. కానీ నా అభిప్రాయంతో పాప సీటు రాదు. పైకి ఒక మతం, కాగితంలో ఒక మతం పెట్టుకోమని నేను సలహా ఇవ్వనని కూడా చెప్పాను. ఆలోచించుకుని చెబుతామన్నాడు.

మనవాళ్లలో చాలామంది చట్టం మాట వస్తే రాజ్యాంగం 25వ అధికరణం ఒక్కటే చెబుతారు. మతాన్ని ఆచరించుకునే, ప్రచారం చేసుకునే హక్కు అందులో ఉంది. 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు, ప్రచారం చేసుకునే హక్కులో మరొకరిని మతం మార్చే హక్కు కలిసి లేదని తీర్పు చెప్పింది. ఆ తీర్పు మీద వాదించేవాళ్లు వాదించనీ. టైలరక్క చేసిన పద్ధతిలో చేస్తే దాంతో పేచీ పడాల్సిన అవసరమే రాలేదు: ఆమె చెప్పింది, మారాలా వద్దా అన్నది మొదటి నుంచీ వదిన చేతిలోనే ఉంది.

ఇప్పటి పరిస్థితి

వదిన మళ్లీ వస్తోంది, ప్రతి ఆదివారం కాదు. వచ్చిన రోజున భర్తే ఆటోలో దింపుతాడు, ఒక్కోసారి ఆరాధన అయ్యేదాకా గేటు దగ్గర బండిలోనే కూర్చుంటాడు. లోపలికి రమ్మని ఎవరూ వెంటపడొద్దని అందరికీ చెప్పాను, పెద్దాయనకు మరీ మరీ చెప్పాను. బాప్తిస్మం సంగతి వదిన ఎత్తలేదు. పాప చదువు ఒక దారిన పడేదాకా ఎత్తదని టైలరక్క అంచనా. మరిది టైలరక్కతో మాట్లాడడు. పెద్దమ్మ పొంగళ్లు పెట్టుకుంటోంది, జాకెట్లు ఇక్కడే కుట్టించుకుంటోంది.

మా సంఘాల సంవత్సర నివేదికలో బాప్తిస్మాలకు గడి ఉంది, కొత్త సభ్యులకు గడి ఉంది. ఈ కేసు రెండింటిలోనూ పట్టదు.

టైలరక్క ఈమధ్య మిషను నేర్పడం మొదలుపెట్టింది. ఇంటర్ చదివే అమ్మాయిలు సాయంత్రాలు వస్తారు. వాళ్లలో ఒకమ్మాయి క్యాలెండరు మీది వాక్యం చదివి, ఇదెక్కడిదక్కా అని అడిగింది. ఏం చెప్పమంటారని టైలరక్క నన్నడిగితే, అడిగినంత వరకు ఒక్క మాటలో చెప్పమన్నాను. ఆ అమ్మాయికి పద్దెనిమిది నిండలేదు, పైగా నేర్పే మనిషి మాటకు ఎదురు చెప్పడం ఏ పిల్లకైనా కష్టం. కాబట్టి చర్చికి పిలవొద్దు, ఇంట్లోవాళ్లకు తెలియకుండా పుస్తకం ఇవ్వొద్దు. టైలరక్క తన వైపు నుంచి ఇంకోటి కలిపింది: ఫీజు తగ్గించమని ఆ పిల్ల అడిగితే తగ్గిస్తుందట, కానీ అందరికీ తగ్గిస్తుందట, ఒక్కదానికే కాదు. ఫీజు సంగతి మాట్లాడటానికి ఆ అమ్మాయి తల్లి వచ్చే వారం కొట్టుకు వస్తానంది. క్యాలెండరు గురించి తన కూతురు అడిగిందన్న సంగతి కూడా అప్పుడే ఆమెకు చెప్పాలని టైలరక్క ఉద్దేశం.